తరగతికంతా ఒకే నాడి

గోదావరిఖనిలో సెల్‌ఫోను ఎక్కడికైనా పోవచ్చు, బాయిలోకి తప్ప. బాయి అంటే బొగ్గు గని. లోపల గ్యాసు ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ పుట్టినా మనుషులు మిగలరు. అందుకే బీడీని, అగ్గిపెట్టెను, సెల్‌ఫోనును ఒకే గాటన కట్టి, జేబులు తడిమి చూసి మరీ మనిషిని కిందికి దింపుతారు. ఆ మనిషి డ్యూటీలో ఉన్నంతసేపూ అతని ఫోను క్వార్టర్‌లో, టీవీ మీది అల్లిక గుడ్డ మీద, దిక్కులేనిదానిలా పడి ఉంటుంది.

ఈ సంగతి ఊరంతా ఎరుగుదురు. దాంట్లో ఒక బడి దాగి ఉందని కనిపెట్టింది మాత్రం అనసూర్య టీచరొక్కతే.

అనసూర్య పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేది. బడి ప్రైవేటుది, తెలుగు మీడియం. దాని కరస్పాండెంటు రాజమల్లు ఒకప్పుడు బొగ్గు లారీలు తిప్పిన కాంట్రాక్టరు. లారీకి డ్రైవరు కావాలి, క్లీనరు కావాలి, డీజిలు కావాలి; బడికైతే పిల్లలుంటే చాలు, తక్కినవన్నీ వాళ్లే తెచ్చుకుంటారని లెక్క వేసుకుని ఈ వ్యాపారంలోకి దిగాడు. విద్యాదానం గురించి ఆగస్టు పదిహేనున ఆయన చేసే ప్రసంగం వింటే ఎవరికైనా కళ్లు చెమర్చేవి. అనసూర్య మాత్రం ఆ ప్రసంగం సాగినంతసేపూ ఎండలో నిలబడ్డ పిల్లల్లో ఎవరు పడిపోతారో చూసుకుంటూ ఉండేది.

ఆమె తండ్రి ఆగయ్య తట్టా చెమ్మస్ కాలపు కార్మికుడు. పారతో ఎత్తి, తట్టలో మోసి, టబ్బులు నింపినవాడు. గ్యాంగంతా కలిసి నింపితే గ్యాంగులో అందరికీ ఒకటే లెక్క. ఒకడికి జ్వరమొచ్చి గోడకు ఒరిగినా అతని పేరు మీద మస్టర్, అంటే హాజరు, పడేది, పనీ పడేది. రేపటి జ్వరం మనది కావచ్చు గదా. ఆగయ్య జీవితం మొత్తానికి ఒకే ఒక వైభవం. సర్దారు పరీక్ష ఎలాగో గట్టెక్కినా పోస్టు రాక ఎదురుచూస్తున్న రోజుల్లో, అసలు సర్దారు సెలవు పెడితే ఆయనకు ఒక వారం యాక్టింగ్ ఇచ్చారు. పైవాడి పని కిందివాడికి తాత్కాలికంగా అప్పజెప్పడాన్ని బాయిలో యాక్టింగ్ అంటారు. సర్దారు బొగ్గు ఎత్తడు. కర్ర పట్టుకుని బాయి పైకప్పును తట్టుకుంటూ తిరుగుతాడు. ఖంగుమంటే గట్టి, బొదబొదమంటే డొల్ల. డొల్ల కింద ఎవరినీ నిలబడనీయడు. ఆ వారమంతా ఆగయ్య కర్ర కింద పెట్టలేదు. డ్యూటీ దిగి కాలనీ నడిమధ్య నుంచి కర్ర పట్టుకునే ఇంటికి వచ్చేవాడు. మంచం పక్కన పెట్టుకుని పడుకునేవాడు. భార్య లస్మవ్వ ఒకసారి దాంతో చింతకాయలు రాల్చబోతే ఆ పూట అన్నం ముట్టలేదు.

అలాంటి ఇంట్లో పుట్టి, కరీంనగర్ హాస్టల్లో నీళ్ల చారు తాగి, బీయీడీ చేసి, పదో తరగతికి చెప్పేదాకా ఎక్కి వచ్చింది అనసూర్య. నల్లబల్ల మీద సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతతో గుండె బొమ్మ గీసేది. నాలుగు గదులూ, కవాటాలూ, ధమనీ అన్నీ వచ్చేవి. అది గీస్తున్నప్పుడు వెనక బెంచీల వాళ్లు కూడా నోరు మూసుకునేవారు. అంతకంటే పెద్ద గౌరవం టీచరు పుట్టుకకు ఉండదని ఆమె నమ్మకం.

ఇక ఆ ఫోన్ల బడి ఎట్లా నడిచిందంటే, సాయంత్రాలు పిల్లలు పుస్తకం ముట్టరు, ఫోను ముట్టమంటే మాత్రం అన్నం మానేసి వస్తారు. తండ్రి ఇంట్లో ఉంటే ముట్టనీయడు. తండ్రి బాయిలో ఉంటే అది అనాథ. అనసూర్య తన ఫోనులో మూడు గుంపులు చేసుకుంది: ఫస్టు, సెకండు, నైటు. ఫస్టు షిఫ్టు తండ్రుల పిల్లలకు పొద్దున బడికి తయారయ్యే వేళ ప్రశ్న వెళ్లేది. సెకండు షిఫ్టు వాళ్లకు సాయంత్రం. నైటు షిఫ్టు వాళ్లకు తండ్రి టిఫిను డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరిగాక. ఆ ఫోన్లలో తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ప్రశ్న కొట్టేది. పిల్లలు పుస్తకం వెతికి జవాబు కొట్టేవారు. వారం మారగానే షిఫ్టులు మారేవి, గుంపులూ మారేవి. ఎక్కడైనా టీచర్లు పిల్లవాణ్ణి చూస్తే పేరు అడుగుతారు, మార్కులు అడుగుతారు. అనసూర్య మొదట అడిగేది, ఈ వారం మీ నాయిన ఏ షిఫ్టని.

పిల్లలు చదువు మీద ప్రేమతో చదవలేదు, ఫోను మీద ప్రేమతో చదివారు. ప్రేమ ఎటు నుంచి వస్తేనేం, పాఠం దగ్గరికి వచ్చింది గదా అనుకుందామె. చదువు పవిత్రమనేవాళ్లకు ఈ మాట రుచించదు. కానీ పదో తరగతి పిల్లలకు పవిత్రత కంటే బటన్ల చప్పుడు ఎక్కువ రుచిస్తుందని ఇంట్లో పిల్లలున్న వాళ్లెవరైనా చెబుతారు.

రెండు వేల పదకొండు జూన్‌లో బడికి డిజిటల్ బోర్డు వచ్చింది. పంతులొచ్చి కొబ్బరికాయ కొడితే నీళ్లు వైర్ల మీద పడి ఆ రోజంతా అది వెలగలేదు. మర్నాడు వెలిగింది, దాని మీద మొట్టమొదట నడిచిన పాఠం క్రికెట్ మ్యాచి. బోర్డు బాధ్యత జయకృష్ణ అనే కుర్ర టీచరుకు అప్పజెప్పారు. అతని తండ్రి రామగుండం కరెంటు ప్లాంటులో ఇంజనీరు, గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. జయకృష్ణ మంచివాడు, కంప్యూటరు ముందు కూర్చుంటే ఆకలి తెలిసేది కాదు. బడి పేరుతో ఫేస్‌బుక్ పేజీ తెరిచి అందులో వీడియో పాఠాలు పెట్టాడు. మూత్రపిండాల పాఠానికి లైకులు దండిగా వచ్చాయి. రాజమల్లు ఉబ్బిపోయాడు. విచారిస్తే ఆ లైకులు కొట్టినవాళ్లంతా దుబాయిలో, మస్కట్‌లో వెల్డింగు పని చేసే ఆయన చుట్టాలని తేలింది. బడి పిల్లల్లో ఆ పేజీ చూసినవాడు ఒక్కడూ లేడు. ఇంటర్నెట్ సెంటరుకు పోయినవాళ్లు చూసిన పేజీలు వేరు.

ఆగస్టులో రాజమల్లు అనసూర్యను డిజిటల్ బోర్డున్న గదికి పిలిచాడు. బోర్డు మీద గుండె ఎర్రగా, నీలంగా కొట్టుకుంటోంది.

"చూసిన్రా మేడం, రంగులల్ల కొట్టుకుంటున్నది. మీరు సుద్దముక్కతోని గీసేది కొట్టుకుంటదా?"

"కొట్టుకోదు సార్."

"మరి."

ఆ ఒక్క 'మరి'లో ఆయన నిర్ణయమంతా ఉంది. 'ఏ' సెక్షనుకు బోర్డు, 'బీ' సెక్షనుకు అనసూర్య. క్వార్టర్లీ పరీక్ష పేపరు ప్రైవేటు బడుల సంఘం ఇస్తుంది, దిద్దేది వేరే బడి వాళ్లు; మోసానికి తావు లేదు. 'ఏ' సెక్షను పైకొస్తే ఇక రెండు సెక్షన్లకూ బోర్డే జీవశాస్త్రం చెబుతుంది. అనసూర్య ఎల్‌కేజీకి.

ఎల్‌కేజీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఒకసారి అక్కడి టీచరు రాక ఒక పూట కూర్చున్న అనుభవముంది. ఒకతె ఈమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఒకడు కాలు కరుచుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు. ఇంకొకడు ఏడుస్తూ మొదలుపెడితే తక్కినవాళ్లంతా కారణం అడక్కుండా అందుకున్నారు. నలభై దాటిన వయసులో, ఒకే గీతతో గుండె గీసే చేతితో, 'అ' అంటే అమ్మ అని దిద్దించడం. ఇంటికొచ్చి చెబితే లస్మవ్వ ఓదార్చలేదు.

"మీ నాయినకు యాక్టింగ్ ఇచ్చిన్రు. నీకు రివర్సల ఇస్తున్నరు," అంది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. అనసూర్య మనసు కూడా సమ్మెతోనే ఉంది. కానీ ఆ మనసులో ఒక మూల క్వార్టర్లీ పరీక్ష కూర్చుని ఉంది. బడి లేకపోయినా ఫోన్లున్నాయి గదా అనుకుంది. ఉన్నాయి నిజమే. ఎవరి దగ్గర? బాయి ఆగాక తండ్రులంతా పైనే ఉన్నారు. ఫోనులన్నీ తండ్రుల జేబుల్లో ఉన్నాయి. తన బడి మొత్తం తండ్రుల గైర్హాజరు మీద కట్టుకున్నదని ఆమెకు అప్పుడు తెలిసింది.

దానికి తోడు, బొగ్గు ఆగేసరికి కరెంటు కూడా పలుచబడింది. దేశానికి దీపాలు పెట్టే ఊళ్లో కొవ్వొత్తుల గిరాకీ పెరిగింది. ఊళ్లో ఆగకుండా కరెంటున్న చోటు ఒక్కటే, చౌరస్తా దగ్గరి సమ్మె టెంటు. మైకు కోసం జనరేటరు పెట్టారు. దాంతో ఊళ్లో ఫోనులన్నీ చార్జింగు కోసం అక్కడికే చేరాయి; ఫోనుల వెంట తండ్రులు.

అయినా సరే, అనసూర్య ప్రశ్నలు పంపింది. తండ్రులు ఇంటికెళ్లి పిల్లలకు చూపిస్తారని ఆశ. మొదటి రోజు ఒకటో అరో జవాబు వచ్చింది. వారం తిరిగేసరికి తరగతి మొత్తం జవాబిచ్చింది. ఎన్నడూ నోరు విప్పని పిల్లల నుంచి కూడా టకటకా వచ్చాయి. అన్నీ సరైనవే. ఓదెలు కొడుకు రుత్విక్, జీవశాస్త్రం పుస్తకాన్ని క్రికెట్ వికెట్ల కింద వాడేవాడు, వాడు కూడా కాలేయం చేసే పనులన్నీ వరుసగా రాశాడు. అనసూర్య ఉప్పొంగిపోయింది. బడి మూసినా తన పాఠం ఆగలేదు. తల్లికి చదివి వినిపించింది.

లస్మవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. "పిల్లలు గిట్ల ఒక్కపారే మంచిగయితరా? నాకైతె నమ్మకం లేదు," అని మళ్లీ రాళ్ల మీద పడింది.

అనసూర్యకు కోపమొచ్చింది. మర్నాడు పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్న పంపింది. మణికట్టు దగ్గర మీ నాడి మీరే పట్టుకుని చూడండి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాయండి. సాయంత్రం జవాబులు వచ్చాయి. సదయ్య కూతురు మమత నాడి తొంభై ఆరు. రుత్విక్ నాడి తొంభై ఆరు. మూడో పిల్లదీ అంతే, నాలుగో పిల్లవాడిదీ అంతే. ఆమె ఫోను కిందికి జరుపుకుంటూ పోయింది. బీ సెక్షను మొత్తానికి ఒకే నాడి కొట్టుకుంటోంది.

చెప్పులేసుకుని టెంటుకు బయల్దేరింది.

టెంటులో రిలే దీక్షవాళ్లు దండలతో కూర్చున్నారు. పక్కన జనరేటరు దగ్గర, గుట్టగా పోసిన చార్జర్ల వైర్ల మధ్య ఒక గుంపు గొంతుకు కూర్చుని ఉంది. నడుమ ఓదెలు. పదో తరగతి పాసైనవాడు గనుక ఇంగ్లీషు అక్షరాల తెలుగు చదవగలిగింది అతనొక్కడే. అతని ఒళ్లో అట్ట వేసిన జీవశాస్త్రం పుస్తకం. అట్ట మీద 'వి. మమత, పదవ తరగతి, బి' అని పూలతో సహా రాసి ఉంది.

ఆమెను చూసి సదయ్య లేచి నిలబడ్డాడు. బాయి కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే టింబరు పని చేసే మనిషి. ఆగయ్య గ్యాంగులో చిన్నవాడుగా చేరి ముసలివాడవుతున్నవాడు. ముఖం నిండా నవ్వు.

"టీచరమ్మ, మా పిల్లలకు మస్టర్లు మంచిగ పడుతున్నయా?"

"ఏం మస్టర్లు సదయ్యన్న?"

అతను ఓపికగా వివరించాడు. రోజూ వేళకు ఫోను మోగుతుంది. జవాబు పంపకపోతే పిల్లకు ఆ రోజు ఆబ్సెంటు పడుతుంది. బడి బందయినా టీచరమ్మ హాజరు తీసుకుంటూనే ఉంది. అంత కష్టపడే టీచరు ఉండగా ఒక్క మస్టరైనా పోనిస్తారా? ఓదెలు చదువుతాడు, పుస్తకంలో వెతుకుతారు, ఒకడికి దొరికితే అందరి ఫోన్ల నుంచీ పంపేస్తారు.

"మరి ప్రశ్న మమతకు చెప్పినవా?"

"దానికెందుకు ఫికరు? చదువుకునే పిల్ల. దాన్ని సతాయించద్దని మేమే చూసుకుంటున్నం."

"దాని పుస్తకం?"

"అడగంగనే ఇచ్చింది. బంగారమసోంటి పిల్ల."

అనసూర్య అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. తండ్రులు పుస్తకం తిరగేస్తుంటే పిల్లలు గోదావరి ఒడ్డున క్రికెట్ ఆడుతున్నారు, మమతేమో మైదానంలో బతుకమ్మ ఆటకు పూలు పోగేస్తోంది. పరీక్ష రాయాల్సిన తరగతికి కాలేయం ఎక్కడుందో తెలియదు. పరీక్ష లేని తరగతి దాని బరువు గ్రాముల్లో చెబుతోంది.

"తొంభై ఆరు ఎవరి నాడి?" అని అడిగింది.

ఓదెలు సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు. "నాదే అక్కా. బీడీ కోసమని చౌరస్తా అవుతల దాక ఉరికిచ్చిన్రు. రాంగనే వట్టుకొని చూసిన్రు."

"తక్కినోళ్ల నాడి చూసుకోలేదా?"

సదయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "గ్యాంగుల ఒకనిదొక లెక్క ఉంటదా టీచరమ్మ? మీ నాయినతోని పని జేసినోన్ని, నాకు తెల్వదా?"

ఆమెకు నవ్వూ రాలేదు, తిట్టూ రాలేదు. వీళ్లు మోసం చేయలేదు. తమకు తెలిసిన పద్ధతిలో పని పూర్తి చేశారు. పిల్లలకు చెప్పండి, వాళ్లతో రాయించండి అని బతిమాలితే సరేనంటారు. మర్నాడు ఫోను మోగగానే మళ్లీ గ్యాంగు కూర్చుంటుంది. జ్వరమొచ్చినవాడి తట్ట మోయకుండా ఉండమంటే వీళ్ల చేత కాదు. ఈ తట్ట పిల్లలే మోయాలంటే వీళ్లకు చేతిలో ఇంకేదైనా పెట్టాలి. అప్పుడు ఆమెకు చింతకాయలు రాల్చనివ్వని కర్ర గుర్తొచ్చింది.

"సదయ్యన్న, సర్దారు బొగ్గు ఎత్తుతడా?"

"ఎందుకెత్తుతడు?"

"మరేం జేస్తడు?"

"కప్పు తట్టి చూస్తడు. గట్టిదా, డొల్లదా."

"ఇయ్యాల్టి సంది మీరంత యాక్టింగ్ సర్దార్లు. ఎత్తే పని మీది గాదు. ప్రశ్న, జవాబు రెండూ మీకే వంపుత. పిల్లగాండ్లను టెంటుకు పిలిచి మీరు తట్టి చూడాలె. జవాబు వస్తె గట్టి అని కొట్టుండ్రి, రాకపోతె డొల్ల. ఎవల పిల్లను వాళ్లు తట్టద్దు."

యాక్టింగ్ అన్న మాట పడగానే గుంపులో వెన్నులు నిటారయ్యాయి. సదయ్య భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. ఓదెలు మాత్రం, తను ఇప్పటిదాకా చదివిన చదువు ఏమైపోవాలని గొణిగాడు. నీకు ఓవర్‌మన్ యాక్టింగ్ అంది అనసూర్య. ఓవర్‌మన్ అంటే సర్దార్ల మీద పెద్ద. అతను ఒళ్లోని పుస్తకం మూశాడు.

ఆ సాయంత్రం నుంచి పిల్లలకు కష్టాలు మొదలయ్యాయి. క్రికెట్ నడుమ నుంచి చెవి పట్టుకుని తెచ్చేవారు. తన బిడ్డ డొల్ల అని పక్కింటివాడు తేల్చితే తండ్రికి తలకొట్టేసినట్టయ్యేది. ఆ రాత్రి ఆ తండ్రే కొవ్వొత్తి పట్టుకుని బిడ్డ ఎదుట కూర్చునేవాడు. మమత మొదటి మూడు రోజులు వరుసగా డొల్లే. నాలుగో రోజు వాళ్లమ్మ పూలమ్మ, బతుకమ్మ పాటల మధ్య కూతురి చేత ఎముకల పేర్లు వల్లెవేయిస్తూ కనిపించింది.

టెంటు నాయకులకు ఉపన్యాసాలు వినేవాళ్లు కరువయ్యారు. జనమంతా జనరేటరు పక్కనే ఉన్నారు. చివరికి వాళ్లే దారికొచ్చి మైకు ఓదెలుకు ఇచ్చారు. ఒక షరతు మీద, ప్రతి ప్రశ్నకు ముందూ, ప్రతి జవాబుకు ముందూ నినాదం ఉండాలి. అట్లా చౌరస్తా అంతా వినిపించేలా, జై తెలంగాణ, క్లోమం ఏ రసాన్ని స్రవిస్తుంది అని ఓదెలు అడిగేవాడు. జై తెలంగాణ, క్లోమరసం అని ఒక పిల్ల చెప్పేది. జనం చప్పట్లు కొట్టేవారు. 'ఏ' సెక్షను పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. వాళ్ల తండ్రులూ అదే టెంటులో ఉన్నారు, పైగా ఊళ్లో వేరే వినోదం లేదు.

తన పోటీ సెక్షనుకు తానే చదువు చెబుతున్నానని అనసూర్యకు తెలుసు. వాళ్లను లేపి పంపడానికి మాత్రం నోరు రాలేదు.

ఒక సాయంత్రం రాజమల్లు సంఘీభావం తెలపడానికి వచ్చాడు. సంఘీభావానికి ఫోటోగ్రాఫరు కూడా వెంట ఉన్నాడు. దండ వేయించుకుని, మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటుండగా ఓదెలు హోదా మరచిపోయాడు. ఎదుట ఎవరు నిలబడ్డా తట్టి చూడడం అలవాటైపోయింది.

"జై తెలంగాణ. రాజమల్లు సారు చెప్పాలె, గుండెకు గదులెన్ని?"

రాజమల్లు జనాన్ని చూశాడు, ఫోటోగ్రాఫరును చూశాడు. రంగుల్లో కొట్టుకోవడం చూశాడు గాని లెక్కపెట్టలేదు.

"రెండు," అన్నాడు. "కుడిది, ఎడమది."

"డొల్ల," అని టెంటు మొత్తం ఒక్క గొంతుతో తేల్చింది.

సమ్మె ముగిసింది. తండ్రులు బాయి దిగారు, ఫోనులు టీవీల మీదికి చేరాయి. దీపావళి దాటాక పరీక్ష జరిగింది. పేపర్లు వేరే బడికి పోయి దిద్దుకుని వచ్చాయి. ఎన్నడూ లేనంత బాగా రాశాయి రెండు సెక్షన్లూ. కానీ 'ఏ' సెక్షను ఒక వెంట్రుక వాసి పైన ఉంది.

రాజమల్లు అప్పటికప్పుడు ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాడు. డిజిటల్ విద్యా విజయం, నడుమ ఆయన ఫోటో, మూలకు బోర్డు. అనసూర్యకు కబురు పంపాడు, సోమవారం నుంచి ఎల్‌కేజీ అని. తను చెప్పింది వాళ్లకూ వచ్చిందని సంతోషించాలో, అందుకే తను పోతున్నానని ఏడవాలో తేలక స్టాఫ్‌రూములో సుద్దముక్కలు డబ్బాలో సర్దుకుంటోంది. అప్పుడు జయకృష్ణ 'ఏ' సెక్షను పేపర్ల కట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. మేడం, మీరొకసారి నాతో రావాలి అన్నాడు. ఆమెను వెంటబెట్టుకుని నేరుగా కరస్పాండెంటు గదికి నడిచాడు.

"సార్, ఇవి మీరు చదవాలండి," అని కట్ట బల్ల మీద పెట్టాడు.

రాజమల్లు మొదటి పేపరు తీశాడు. మూత్రపిండాల నిర్మాణమును వివరింపుము అన్న ప్రశ్నకు జవాబు: 'జై తెలంగాణ. మూత్రపిండాలు చిక్కుడు గింజ ఆకారములో ఉండును.' రెండో జవాబు: 'జై తెలంగాణ. రక్తములో హీమోగ్లోబిన్ ఉండును.' రెండో పేపరు తీశాడు. అక్కడా తెలంగాణ తర్వాతే కిరణజన్య సంయోగక్రియ. 'ఏ' సెక్షను మొత్తం అంతే. దిద్దిన మాస్టారెవరో ఉద్యమాభిమాని అయి ఉంటాడు. ఒక్క చోటా కొట్టివేయలేదు.

"బోర్డుల ఇది ఉన్నదా?" అన్నాడు రాజమల్లు, కొంత ఆశతో.

"బోర్డు ఆగస్టు తర్వాత వెలగలేదండి. సమ్మెలో కరెంటు లేదు. తర్వాత వెలిగిద్దామంటే కొబ్బరినీళ్లు పడ్డచోట ఎలుకలు వైరు కొరికాయి. మొన్ననే బాగుచేయించాను," అన్నాడు జయకృష్ణ. తన బోర్డు ఓడిపోతోందన్న బాధ అతని ముఖంలో లేదు; ఒక లెక్క సరిగ్గా వచ్చిన సంతోషం ఉంది. "ఇది టెంటు పాఠమండి. మీరూ విన్నారు గదా, ఆ రోజు."

ఆ రోజు అనగానే రాజమల్లు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎల్‌కేజీ మాట మళ్లీ ఎత్తితే ఈమె ఎదురు ఏమడుగుతుందో ఆయనకు తెలుసు. గుండెకు గదులు నాలుగని ఆయన ఈలోపు ఎవరినో అడిగి తెలుసుకున్నా, ఊరు మరిచిపోయే రకం కాదు.

"సరే మేడం," అన్నాడు చివరికి. "పది మీరే చెప్పుండ్రి. రెండు సెక్షన్లు. బోర్డు గూడ మీరే చూసుకోండ్రి, గీ పిల్లగాడు మీకు మదద్ జేస్తడు. డిజిటల్ ఇన్‌చార్జి మీరే." అంతలోనే జాగ్రత్తపడ్డాడు. "యాక్టింగ్."

సొరుగులోంచి బోర్డు రిమోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

గేటు దగ్గర సదయ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫస్టు షిఫ్టు దిగి స్నానమైనా చేయకుండా వచ్చాడు. కళ్ల చుట్టూ బొగ్గు కాటుక. ఇవ్వాళ ప్రశ్న రాలేదేమని అడగడానికట. ఆమె సంగతంతా చెప్పింది. యాక్టింగ్ అన్న దగ్గర అతను ఆపాడు.

"అలవెన్సు ఎంత?"

"ఏం లేదన్న."

"యాక్టింగ్ జేపిచ్చుకుంట అలవెన్సు ఎగవెడ్తడా?" సదయ్య సైకిలుకు స్టాండు వేశాడు. "మా బాయి మీదనైతె ఈ పాటికి టెంటు లేస్తుండె. చెప్పు టీచరమ్మ, జనరేటరు ఇంక వాపస్ ఇయ్యలే."

వద్దులే అన్నా అని అతన్ని పంపేసరికి పొద్దు గుంకింది. ఆమె రిమోటు చేత్తో పట్టుకునే కాలనీ నడిమధ్య నుంచి ఇంటికి నడిచింది. దారిలో ఒకరిద్దరు అదేంటని అడిగితే ఆగి చెప్పింది, అడగని ఒకరికి కూడా చెప్పింది. అన్నం తినేటప్పుడు అది కంచం పక్కన ఉంది. పడుకునేటప్పుడు దిండు పక్కన.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. జయకృష్ణ. రాజమల్లు సారు ఎవరో పెద్దమనుషులను తీసుకొచ్చి బోర్డు చూపించబోతున్నారు, అది వెలగడం లేదు, నిన్న మేడం గారికిచ్చిన రిమోటు బడిలో ఎక్కడా కనిపించడం లేదు, ఎక్కడ పెట్టారో.

అనసూర్య దిండు వైపు చూసింది. లస్మవ్వ అప్పటికే చూసింది.

"మీ నాయిన కర్ర తెచ్చినప్పుడు బాయి ఆగలేదు," అంది ముసలామె పొయ్యి ఊదుతూ. "నువ్వు తెస్తె బడే ఆగింది. పోయి రాపో, చాయ్ తాగినంక."

చాయ్ తాగాకే వెళ్లింది.